సులై షెడ్డులో నాలుగు దర్వాజల పట్నం

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికున్నన్నాళ్ళూ ఎవరికీ కనిపించని మంచితనం మనిషి పోగానే ఊరందరికీ కనిపిస్తుంది. చాచా విషయంలో ఆ పని నా వల్ల కాదు. ఆయన మంచివాడు కాడు. నేనూ కాను. ఈ రెండు సంగతులూ ముందే చెప్పేస్తే తర్వాత రాయడం తేలిక.

పోయిన వారం సౌదీలోని తబూక్ నుంచి ఫోన్ వచ్చింది. అక్కడ ఒక పెద్ద ఫారంలో ఆలుగడ్డల గోదాము చూసుకునే ముసలి చీనా దేశస్థుడు పోయాడని, ఆ ఫారంలో ట్రాక్టరు నడిపే మా మెట్‌పల్లి వైపు అతను చెప్పాడు. ముసలాయన అంతకుముందు సులైలో ఉండేవాడని విన్నాడట, నాకు తెలుసేమోనని చేశాడు. తెలుసు. సులై వదిలి తబూక్ ఎందుకు పోయాడో కూడా తెలుసు. ఫోన్ పెట్టేసి, కోరుట్లలో నా పైపుల దుకాణం ముందు స్టూలు మీద కుడికాలు చాపుకుని కూర్చున్న గంగారాంకు సంగతి చెప్పాను. గంగారాం నాకు వరసకు బావ. పక్క ఊరివాడు. సులై క్యాంపులో నా పక్క మంచం అతనిదే. బీడీ ఆర్పేశాడు.

"పోయిండా? మరి పైన ఆయనకన్న దర్వాజ తీసిన్రో, తియ్యలేదో," అన్నాడు.

ఆ మాటలో ఉన్న విషం మా ఇద్దరికే తెలుసు. మీకూ తెలియాలంటే ఆ ముసలాయన్ని చూపించాలి. ఆయన కంటే ముందు ఆయన పట్నాన్ని చూపించాలి.

మాది రియాద్ శివారు సులైలో పైపులు వేసే కంపెనీ. ఒక పక్క మా క్యాంపు, ఎదురుగా గోదాము. గోదామంటే తూర్పు పడమరలుగా పొడుగ్గా ఉండే రేకుల షెడ్డు, నాలుగు వైపులా నాలుగు షట్టర్లు. దానికి స్టోర్‌కీపర్ చాచా. పాకిస్తానీలు పెట్టిన పిలుపు అది. అందరం అదే పిలిచాం, అసలు పేరు అడగాలని ఎవరికీ తోచలేదు. పొట్టి మనిషి. తెల్ల టోపీ, గడ్డం కొసన వేళ్ళతో ఎంచగలిగినన్ని వెంట్రుకలు. చేతులు ఎప్పుడూ వెనక్కి కట్టుకుని నడిచేవాడు, ఆ చేతుల్లో ఒక ఇనుప స్కేలు. పదిహేడేళ్ళప్పుడు తండ్రితో హజ్‌కు వచ్చాడు. వచ్చాక వాళ్ళ దేశంలో రాజ్యం మారిపోయి, తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. తండ్రి సౌదీలోనే, తాయిఫ్‌లో చనిపోయాడు. ఈయన నలభై ఏళ్ళుగా ఏదో ఒక కఫీలు, అంటే వీసా ఇచ్చిన యజమాని, చేతి కింద, ఏదో ఒక గోదాములో గడిపాడు. ఆయన బతుకు గురించి నాకు తెలిసింది ఇంతే. ఆయన పట్నం గురించి తెలిసినంత మాత్రం మా కోరుట్ల గురించి కూడా నాకు తెలియదు.

చేరిన మొదటి రోజు ఫోర్‌మన్ చీటీ రాసిచ్చి, పైపు మలుపులకు వేసే రెండించుల ఎల్బోలు తెమ్మని పంపాడు. చాచా చీటీ చూశాడు, నా ముఖం చూడలేదు. "దక్షిణం దర్వాజా. లోపలికి వచ్చినంక ఎడమచేతి రెండో గల్లీ. రాళ్ళ అడివి దాటకు," అన్నాడు. ఆయన మాట్లాడేది పాకిస్తానీల దగ్గర నేర్చిన ఉర్దూ, మధ్యమధ్య అరబీ. ఇక్కడ మన మాటల్లో రాస్తున్నాను. నాకేమీ అర్థం కాక, దగ్గరున్న షట్టరు నుంచే లోపలికి దూరి, వెతికి, ఎల్బోలు తెచ్చాను. అవి సరైనవే. ఆయన వాటి వైపు చూడనైనా లేదు. ఏ దారిన పోయావని అడిగాడు. చూపించాను. స్కేలుతో మోకాలి వెనక ఒక్కటి వేశాడు.

"ఆడ ఇండ్లున్నయి. గోడల నడుమ నుంచి ఎట్ల నడుస్తవ్?" అన్నాడు.

అక్కడ గోడా లేదు, ఇల్లూ లేదు. ఖాళీ నేల, మీద సున్నంతో గీసిన రెండు గీతలు. ఎల్బోలన్నీ మళ్ళీ వాటి చోట పెట్టించి, నన్ను బయటికి వెళ్ళగొట్టి, దక్షిణం షట్టరు నుంచి తిరిగి రప్పించాడు. పిచ్చివాడి చేతిలో పడ్డాననుకున్నాను. అది పిచ్చి కాదని, పట్నమని తెలియడానికి నెల పట్టింది.

షియాన్ దాని పేరు. కోపంలో ఉన్నప్పుడు పాత పేరు చాంగాన్ అనేవాడు. తరగని శాంతి అని దాని అర్థమట. ఆ పేరు చెబుతూనే కొట్టేవాడు. చీనాలో ఏ సముద్రపు గాలీ సోకనంత లోపల, ఎందరో రాజులు ఏలిన పట్నం. చుట్టూ నలుపలకల కోటగోడ, దాని మీద బండ్లు పక్కపక్కన పోయేంత వెడల్పు. దక్షిణాన నీలంగా కొండలు. ఉత్తరాన నది, ఎప్పుడూ బురదరంగే, ఎందుకంటే ఆ దేశపు మట్టే పసుపు. గాలి లేచిందంటే అన్నంలో, కళ్ళల్లో, దుప్పట్లో అదే మట్టి. నాలుగు దర్వాజల నుంచి నాలుగు బజార్లు వచ్చి కలిసేచోట గంట బురుజు. దానికి కాస్త వాయవ్యాన నగారా బురుజు. పూర్వం పొద్దున గంట మోగితే దర్వాజలు తెరిచేవారు, సాయంత్రం నగారా మోగితే మూసేవారు. మూశాక బయట చిక్కినవాడు రాజుగారి బావమరిదైనా తెల్లారేదాకా బయటే. నగారా బురుజు వెనక సన్న గల్లీల్లో ముసల్మానుల వాడ. చాచా పుట్టింది అక్కడ. వాళ్ళ మసీదుకు గుమ్మటం ఉండదట, అంచులు పైకి లేచిన పెంకుల కప్పే. సౌదీకి వచ్చి మొదటిసారి గుమ్మటాలు చూసి, ఇవేం మసీదులని వాళ్ళ నాన్నను అడిగాడట.

ఆ పట్నం మొత్తాన్ని ఆయన సులై షెడ్డులో పరిచాడు. నడుమ కాటా ఉన్నచోటు గంట బురుజు. దాని వాయవ్యాన ఒక ఖాళీ డ్రమ్ము బోర్లించి పెట్టాడు, అది నగారా. పొద్దున గంట, సాయంత్రం నగారా ఆయనే కొట్టేవాడు. దాని వెనక ఆయన నులక మంచం, నమాజు చాప, పొయ్యి. ఉత్తరం వైపు నది గనక మోటార్లు, ట్యాంకులు, వాల్వులు. దక్షిణం దర్వాజా పక్కన పాతకాలపు శాసనాలు చెక్కిన రాళ్ళు వరసల్లో నిలబెట్టి ఉంటాయట వాళ్ళ ఊళ్ళో, రాళ్ళ అడివి అంటారు. ఇక్కడ ఆ చోట పాలరాతి పలకలు నిలబెట్టి, ఒక్కోదాని మీద మార్కరుతో కొలతలు రాశాడు. పడమటి దర్వాజా నుంచి ఒంటెలు దేశాలు పట్టిపోయేవి కాబట్టి సరుకు బయటికి పోవాలంటే పడమటి షట్టరే. లారీ తూర్పు షట్టరు ముందు ఆగి ఉన్నా సరే, నాలుగించుల ఇనుప పైపులు భుజాల మీద పెట్టుకుని షెడ్డు ఈ కొస నుంచి ఆ కొసకు, రేకులు కాలి పొగలు వచ్చే ఎండాకాలంలో మోసేవాళ్ళం.

నీళ్ళ సంగతి ఇంకా ఘోరం. ఆ పట్నంలో బావులన్నీ ఉప్పనట. పడమటి దర్వాజా పక్కన ఒక్క బావే తీపి. అందుకని మా కూలరు పడమటి షట్టరు పక్కన పెట్టాడు. తూర్పు కొసన పనిచేసేవాడికి దాహమైతే ఊరంతా దాటి రావాలి. కంపెనీ ఒకసారి తూర్పు వైపుకు ఇంకో కూలరు పంపితే, ఆ పక్క నీళ్ళు ఉప్పగా ఉంటాయని చెప్పి తిప్పి పంపాడు. మేం నోరెళ్ళబెట్టి చూశాం.

విచిత్రం ఏమిటంటే, ఆ పద్ధతిలో పని ఆగలేదు. ఏ వస్తువు ఎక్కడుందో పెషావరువాడికీ, ఢాకావాడికీ, మా కరీంనగరువాడికీ కళ్ళు మూసుకున్నా తెలిసేది. "నది ఒడ్డున మూడో ట్యాంకు పక్కన" అంటే చాలు. కొత్తగా వచ్చినవాడు స్కేలు దెబ్బ తింటుంటే పాతవాళ్ళం పైపుల మీద కూర్చుని చూసి నవ్వేవాళ్ళం. ఎద్దు పుండు కాకికి ముద్దు. నా దెబ్బ మానిపోయిన రోజు నుంచి నేనూ కాకినే.

గంగారాంకు మాత్రం ఆ పట్నం ఏనాడూ తలకెక్కలేదు. పనిలో అతన్ని మించినవాడు లేడు. కొలబద్ద లేకుండా కంటితో చూసి పైపు కోస్తే వెంట్రుకవాసి తేడా వచ్చేది కాదు. కానీ కుడి ఎడమలు చేతులు చూసుకుంటే గాని తెలియని మనిషి. చాచా అతన్ని మొదట ఒంటె అన్నాడు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఒంటెకు పడమటి దర్వాజా ఎటుందో తెలుసు, దాన్ని అవమానించకూడదన్నాడు. గల్లీ తప్పినప్పుడల్లా నెత్తి మీద పైపు చివర బిగించే బరువైన ఇనుప ఫ్లాంజి పెట్టి, కోటగోడ తెలిసొస్తుందని షెడ్డు చుట్టూ తిప్పేవాడు. బావ తిరిగేవాడు. చెమటలో ఇనుము తుప్పు కారి చెంపల మీద ఎర్రగా చారలు కట్టేది. నేను చూస్తూ ఉండేవాణ్ణి. ఒకటి రెండుసార్లు నవ్వాను కూడా.

శుక్రవారాలు చాచా వేరే మనిషి కాదు గాని, కాస్త తీరిక మనిషి. గట్టి రొట్టెలు కాల్చి, మాంసం బొక్కలు పొద్దుటి నుంచీ ఉడకబెట్టి షోర్వా చేసి, ఇద్దరు ముగ్గురిని పిలిచేవాడు. వాళ్ళ ఊరి పద్ధతి ప్రకారం తినేవాడే తన రొట్టెను గిన్నెలో తుంచుకోవాలి. తుంచడం అంటే మనం షోర్వాలో తుంచినట్టు కాదు. ఒక్కో ముక్కా కందిగింజంత ఉండాలి. రెండు రొట్టెలు తుంచేసరికి గంట పట్టేది, వేళ్ళ కొసలు మండేవి. అప్పుడాయన గిన్నెలో చూపుడువేలు తిప్పి చూసేవాడు. పెద్ద ముక్క తగిలితే "సబర్ నై" అని గిన్నె వెనక్కి నెట్టేవాడు. ఓపిక లేనివాడికి షోర్వా లేదు. ఒక శుక్రవారం నా గిన్నెలో వేలు తిప్పి, ఇంకోసారి తిప్పి, "నువ్వు మా పట్నపోనివి," అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా పెళ్ళినాడు కూడా నేను అంత పొంగిపోలేదు. కంపెనీలో అన్నేళ్ళలో ఆ మాట ఇంకెవరినీ అనలేదు. అదే రోజు గంగారాం గిన్నె చూసి, తీసుకుపోయి గుమ్మం అవతల పిల్లి ముందు పెట్టించాడు. పెట్టింది నేనే. వచ్చి కూర్చుని నా షోర్వా నేను తాగాను.

కువైట్ మీద ఇరాక్ పడింది. కువైట్ సరిహద్దున ఖఫ్జీలో పనిచేసే మనవాళ్ళు కొందరు కట్టుబట్టలతో మా క్యాంపుకు వచ్చి, అక్కడ రోడ్ల మీద ట్యాంకులు తిరుగుతున్నాయని చెప్పారు. చలికాలంలో రియాద్ మీద క్షిపణులు రావడం మొదలైంది. వాటిలో గ్యాసు ఉంటుందని, పీలిస్తే ఊపిరితిత్తులు కాలిపోతాయని అందరి భయం. పెద్ద కంపెనీల వాళ్ళకు మాస్కులు ఇచ్చారు. మాకు ఇవ్వలేదు. మా కఫీలు పెళ్ళాంపిల్లలతో జిద్దా వెళ్ళిపోయాడు. అప్పుడు చాచా షెడ్డు సందులన్నిటికీ టేపు వేయించాడు, షట్టర్ల కింద తడి గోనెసంచులు కుక్కించాడు. పైపుల వాళ్ళం కదా, ఏ లీకైనా టేపుతో ఆగుతుందని నమ్మాం. ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది, రేకుల షెడ్డుకు గ్యాసు ఆగుతుందా? సాయంత్రం నగారా కొట్టగానే అందరూ లోపలికి రావాలి, తర్వాత తెరిచేది లేదు అని ఆయన చెప్పాడు. అందరం తలలూపాం.

ఒకనాడు గంగారాం గేటు బయట నీళ్ళ ట్యాంకు వాల్వు బిగిస్తూ ఉండిపోయాడు. నగారా వినిపించింది. అతను లోపల లేడని చూసి నేను పరుగెత్తుకెళ్ళాను. ఇద్దరం తిరిగి వస్తుండగా సైరను మొదలైంది. పడమటి షట్టరు మూసి ఉంది.

"చాచా, నేను," అన్నాను తట్టుతూ.

"నగారా అయిపోయింది," అన్నాడు లోపలి నుంచి.

"గంగారాం, నేను. ఇద్దరమే. ఇట్ల తీసి అట్ల ఎయ్యి."

నా కాలి దగ్గర షట్టరు కింద సన్నటి సందు ఉంది. అందులో నుంచి పసుపు దీపం కనిపిస్తోంది. నేను చూస్తుండగానే లోపలి నుంచి ఒక తడి గోనెసంచి వచ్చి ఆ సందులో బిగుసుకుంది. దాని నీళ్ళు నా చెప్పు మీదికి కారాయి.

ఆకాశంలో ఏదో పేలింది. క్యాంపు వైపు పరుగెత్తాం. కుడివైపు తిరుగు అని నేను అరిచాను. బావ ఎడమవైపు తిరిగాడు. అక్కడ మేమే తవ్వి మూత వెయ్యని సెప్టిక్ ట్యాంకు గుంత ఉంది. అతని కాలు విరిగిన చప్పుడు సైరనులో కూడా నాకు వినిపించింది. గ్యాసు రాలేదు. ఏ క్షిపణీ సులై దగ్గర్లో పడలేదు. తెల్లవారి ఎప్పటిలాగే గంట కొట్టి, చాచా దర్వాజలు తెరిచాడు.

నేను వెళ్ళి కాలరు పట్టుకున్నాను. లోపలున్నవాళ్ళు ఎందరో బతిమాలారట, తాళంచెవి తొడ కింద పెట్టుకుని కూర్చున్నాడట. ఆయన నా చెయ్యి విడిపించుకోలేదు. అలాగే నిలబడి, చీటీ మీద సరుకు పేరు చదివినట్టు చెప్పాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ పట్నం మీద జపాను విమానాలు బాంబులు వేసేవట. జనం ఆ కోటగోడలోనే గుహలు తవ్వుకుని దాక్కునేవాళ్ళట.

"ఒకనాడు లోపల నలభై మందిమి. బయట మా అమ్మ. తలుపు మా నాయిన చేతిల ఉండె. తియ్యలేదు," అన్నాడు. "ఒక్కరి కోసం తీసేది దర్వాజా కాదు."

తర్వాత చీటీ ఏదని అడిగాడు. ఆ రోజు పనికి కావలసిన సరుకు చీటీ. నేను జేబులో నుంచి తీసి ఇచ్చాను. పెళ్ళానికే తెరవనివాడి కొడుకు మనకు తెరుస్తాడా అని తోటివాళ్ళు సర్దిచెప్పారు. నాకు జాలి కలగలేదు. కడుపు ఇంకా మండింది.

ఆసుపత్రిలో గుంటూరు వైపు సిస్టరమ్మ ఒకామె గంగారాం కాలు చూసి, ఎముక వంకరగా అతుక్కుంటోంది, మళ్ళీ విరిచి కట్టాలని చెప్పింది. అంతవరకు ఆగకుండానే కంపెనీ అతనికి ఎగ్జిట్ వీసా కొట్టించి ఇంటికి పంపేసింది. నిచ్చెన ఎక్కలేని ప్లంబరు ఎవరికి కావాలి? ఎయిర్‌పోర్టులో నా భుజం పట్టుకుని నడుస్తూ బావ ఒక్క మాటే అడిగాడు, నీకు కూడా తియ్యలేదా అని. ఆ ప్రశ్నే నాలో ముల్లులా ఉండిపోయింది. గంగారాం కాలు నాకు సాకు. అసలు మంట అది కాదు. కందిగింజంత రొట్టె తుంచినవాణ్ణి, వాళ్ళ పట్నపోణ్ణి, నాకు కూడా తియ్యలేదు.

చీనా దేశం ఎంబసీ రియాద్‌లో తెరిచింది యుద్ధానికి కాస్త ముందే. యుద్ధం అయ్యాక రెండేళ్ళు తిరిగి తిరిగి చాచా కొత్త పాస్‌పోర్టు సంపాదించాడు. కఫీలు ఊరికి పోయి రావడానికి రెండు నెలల రీఎంట్రీ వీసా ఇచ్చాడు. వెళ్ళే రోజు కొత్త చొక్కా తొడుక్కుని షెడ్డంతా ఒకసారి తిరిగి, తాళాలూ, ఇనుప స్కేలూ నా చేతిలో పెట్టాడు. "పట్నం పైలం," అన్నాడు. అన్నేళ్ళలో ఆ స్కేలు ఇంకొకరి చేతిలో నేను చూడలేదు.

ఆయన వెళ్ళిన మూడో రోజు మేనేజరు నన్ను పిలిచాడు. బెజవాడ వైపు ఆయన, కొత్తగా వచ్చాడు, కంప్యూటరు తెచ్చాడు. "స్టోరంతా నంబర్ వైజ్ పెట్టేద్దామయ్యా. కంప్యూటర్‌లో ఎంటర్ చెయ్యాలి. ఏమంటావ్, ఆ ముసలాయన వచ్చేదాకా ఆగుదామా?" అన్నాడు. పాపం, మర్యాదగానే అడిగాడు. ఆగుదాం సార్ అంటే ఆగేవాడు.

"ఎందుకాగుడు సార్. ఇప్పుడే చేద్దాం," అన్నాను.

నాలుగు రోజులు పట్టింది. ఊరు తెలియనివాడు కూల్చితే ఎక్కడో ఒక మూల మిగిలిపోతుంది. నాకు మొత్తం తెలుసు గనక ఏదీ మిగల్చలేదు. గంట బురుజు చోట కమోడ్లు వరసగా పేర్పించాను. నది ఒడ్డున రంగు డబ్బాలు. రాళ్ళ అడివిని పడుకోబెట్టి, మీద పాత టైర్లు వేయించాను. కూలరు తూర్పుకు మార్చి, మంచినీళ్ళ బావి ఉన్నచోట యాసిడ్ క్యాన్లు పెట్టించాను. నగారా డ్రమ్మును తిరగేసి చెత్తకు వాడాం. సున్నపు గీతలను మా ఢాకావాళ్ళు చీపుర్లతో ఊడుస్తూ పాటలు పాడారు. ముసల్మానుల వాడలో మంచం ఎత్తి బయటి పోర్టా క్యాబిన్‌లో పడేశారు, పొయ్యి పగిలింది. అంత హాయిగా నేను ఏ పనీ చెయ్యలేదు. ఆయన రెండు నెలల తర్వాత వచ్చి చూసే ముఖాన్ని ఊహించుకుంటూ చేశాను.

రెండు నెలలు కాలేదు. పద్దెనిమిదో రోజున ఆయన ఎయిర్‌పోర్టు నుంచి ఫోన్ చేశాడు. మేనేజరు పికప్ బండి ఇచ్చి నన్నే పంపాడు.

మనిషి ఇంకా పొట్టిగా అయినట్టు కనిపించాడు. పికప్‌లో కూర్చుని, అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు. గోడ ఉంది. దర్వాజలున్నాయి. గంట బురుజు ఉంది, చుట్టూ కరెంటు దీపాలు, మోటారు బండ్లు. ఆయన గల్లీ లేదు. దాని మీదుగా రోడ్డు పోయింది. ఇల్లు ఉండే చోటు రోడ్డు నడుమ ఎక్కడో పడుతుందట, లారీలు పోతుంటే సరిగ్గా గుర్తుపట్టలేకపోయాడు. తీపి బావి కోసం అడిగితే, కొళాయిలు వచ్చాక బావులెవరికి గుర్తని అన్నారు. ఆయన మాట వాళ్ళకు పాతగా వినిపించింది. ఏ దేశమని అడిగారు. రెండుసార్లు దారి తప్పితే పోలీసులు తెచ్చి హోటల్లో దింపారు. షోర్వా దుకాణానికి వెళ్తే రొట్టె ముందే తుంచి పెట్టి ఉందట.

"ముక్కలు వాళ్ళే చేసి పెట్టిన్రు. ఇంత ఇంత," అని బొటనవేలు చూపించాడు. తినకుండా లేచి వచ్చేశాడట.

"పోనీ. ఆడ లేకపోతేంది, సులైల ఉన్నది," అన్నాడు.

ఇంకా సగం దారి ఉంది. ఆపి చెప్పి ఉండవచ్చు. కనీసం ఆయన్ని క్యాంపుకు తీసుకుపోయి, ఒక పూట పడుకోబెట్టి, మెల్లగా చెప్పి ఉండవచ్చు. ఆయన ఉన్నట్టుండి గుర్తొచ్చి, మంచినీళ్ళ బావి కాడ కొళాయి కారుతుండె, వాషరు మార్చినవా అని అడిగాడు. మార్చిన చాచా, అన్నాను. భయమూ సిగ్గూ రెండూ ఉన్నాయి. అయినా ఆ ముఖం చూడాలన్న కోరిక వాటికంటే గట్టిగా ఉంది. అందుకే ఎక్కడా ఆపలేదు.

సంచిలో నుంచి రెండు ఎండుపండ్ల పొట్లాలు తీసి సీటు మీద పెట్టాడు. మన తునికిపండు జాతిదే, కానీ పెద్దది, ఎండబెడితే పైన తెల్లగా చక్కెర పూస్తుంది. వాళ్ళ ఊరి పండు. ఒకటి నాకన్నాడు. రెండోది ఆ కాలు విరిగిన ఒంటెకు పంపమన్నాడు. ఆ పొట్లం గంగారాంకు ఈనాటికీ చేరలేదు. దాని సంగతి కూడా అతనికి చెప్పలేదు. సులైలోనే, నేనొక్కణ్ణే తినేశాను.

దూరదేశం పోయినవాళ్ళు పడమటి దర్వాజా నుంచే తిరిగి రావాలని, పికప్ అటు ఆపమన్నాడు. పట్టపగలు. షట్టరు తెరిచి ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని లోపలికి నడిచాడు. నాలుగడుగులు వేసి, చూడకుండానే అలవాటుగా కుడిచెయ్యి కొళాయి కోసం చాపాడు. చెయ్యి యాసిడ్ క్యాను మీద పడింది. ఆ చేతిని ఒకసారి చూసుకున్నాడు. తర్వాత తల ఎత్తాడు.

నడుమ వరసగా కమోడ్లు తెల్లగా మెరుస్తున్నాయి. వెనక ఎవడో నవ్వాడు, మిగతావాళ్ళు నవ్వలేదు, వాడూ ఆపేశాడు. చాచా నడిచాడు. కొత్త దారుల్లో కాదు, పాత గల్లీల్లో. గంట బురుజు వైపు పోతూ మలుపు దగ్గర తిరిగితే భుజం కొత్తగా నిలబెట్టిన ఇనుప రాక్‌కు కొట్టుకుంది. వెనక్కి జరిగి, ఇంకో మలుపు తిరిగితే మళ్ళీ కొట్టుకుంది. అలా కొట్టుకుంటూనే వాళ్ళ వాడ ఉండే చోటికి చేరి, అక్కడున్న రాక్ ముందు, దాని మీది నంబరు చదువుతున్నట్టు కాసేపు నిలబడ్డాడు. నేను ఊహించుకున్న ముఖం అది కాదు. ఊహించుకున్న ముఖంలో కోపం ఉండేది.

తిరిగి నా దగ్గరికి వచ్చాడు. నేను జవాబు సిద్ధం చేసుకుని ఉన్నాను, గంగారాం కాలు, తడి గోనెసంచి, అన్నీ. ఎందుకని ఆయన అడగలేదు.

"అంత నువ్వే చేసినవా?"

"నేనే."

గిన్నెలో రొట్టెముక్కలు చూసినట్టే, కళ్ళు షెడ్డంతా మెల్లగా ఒకసారి తిప్పి చూశాడు.

"ఒక్క గల్లీ కూడ మిగలలే. మా పట్నపోనికి తప్ప ఇది ఎవనికి చాతకాదు," అన్నాడు.

నా దగ్గరి నుంచి స్కేలు అడగలేదు. తాళాలు అడగలేదు. సంచి చేతపట్టుకుని షట్టరు దాటి బయటికి వెళ్ళి, ఎండలో నిలబడి, ఇటు తిరిగాడు. నగారా కొట్టమన్నాడు. వెళ్ళి డ్రమ్ములో చెత్త కింద కుమ్మరించి, బోర్లించి, స్కేలుతో కొట్టాను. పనిచేసేవాళ్ళంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు.

"దర్వాజా మూయి," అన్నాడు.

గొలుసు పట్టి లాగాను. షట్టరు దిగింది. కింద సందులో ఆయన చెప్పులు కనిపిస్తున్నాయి. కాసేపు కదలలేదు. ఒక్కసారి తట్టినా తీసేవాణ్ణి అని ఇన్నేళ్ళుగా నాకు నేను చెప్పుకుంటున్నాను. ఆయన తట్టలేదు. నేను వంగి ఆ చెప్పులనే చూస్తూ ఉన్నాను, అవి మెల్లగా తిరిగి, మేనేజరు ఆఫీసు వైపు, తబూక్ వైపు, వెళ్ళిపోయేదాకా.

లోపల మేం నలభై మందిమి ఉన్నాం. తాళంచెవి నా చేతిలోనే ఉంది.